నలుగురంటే ఎవరు? విశాఖపట్నంలో కట్టుబాట్లు నిలిచే తీరు, మారే తీరు

2024 సెప్టెంబరు 1 నుంచి విశాఖపట్నంలో ద్విచక్ర వాహనం నడిపేవారితో పాటు వెనుక కూర్చునేవారు కూడా హెల్మెట్ పెట్టుకోవలసిందేనని పోలీసులు అమలు మొదలుపెట్టారు. ఇది కొత్త చట్టమేమీ కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను ఆ బాధ్యతను ఇద్దరి మీదా ఎప్పుడో పెట్టింది. 2019 సవరణ దానికి వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలపాటు లైసెన్సుకు అనర్హత జోడించింది. అయినా నగరంలో అందరికీ తెలిసిన దృశ్యం ఒకటి ఉంది. మద్దిలపాలెం, జగదాంబ వంటి పెద్ద కూడళ్లు దగ్గర పడేసరికి హెల్మెట్ తలకెక్కుతుంది. బండి కాలనీ లోపలి రోడ్డులోకి తిరగగానే మోచేతికో, పెట్రోలు ట్యాంకు మీదికో దిగుతుంది.

దీనికి సభల్లో తరచుగా వినిపించే కారణం ప్రజల్లో అవగాహన లేదన్నది. ఆ మాట నిలవదు. తలకు దెబ్బ తగిలితే ప్రాణం పోతుందని తెలియని వాహనదారుడు ఈ నగరంలో దొరకడు. కొడుకుకు బండి తాళాలు ఇస్తూ హెల్మెట్ మరిచిపోవద్దని చెప్పే తండ్రే, తాను వీధి చివరి కొట్టుకు వెళ్లేటప్పుడు దాన్ని ఇంట్లో వదిలి వెళ్తాడు. తెలియడానికీ చేయడానికీ మధ్య ఇంకేదో ఉంది. సమాజశాస్త్రం నూరేళ్లకు పైగా ఆ మధ్య ఉన్నదాని గురించే ఆలోచిస్తోంది.

తెలుగు ఇళ్లలో అయితే ఆ ఆలోచన ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉంటుంది: నలుగురు ఏమనుకుంటారు? చదువు, బట్ట, పెళ్లి, చావు, అప్పు, ఏది మాట్లాడినా చివరకు ఆ నలుగురి దగ్గరికే వస్తాం. అడగవలసింది మరొకటి ఉంది. ఆ నలుగురు ఎవరు? విశాఖ వంటి నగరంలో మనిషి రోజూ ఎందరి మధ్యనో తిరుగుతాడు. ఒక్కో చోట ఒక్కో నలుగురు. రోడ్డు మీద ఆధునికుడిగా, అపార్టుమెంటులో అంటీ ముట్టనివాడిగా, పెళ్లి మాటల్లో తాతల కాలపువాడిగా ఒకే మనిషి కనిపించడం వెనుక ఉన్నది కపటం కాదు. అతని ముందు కూర్చున్న తీర్పరులు మారిపోయారు, అంతే.

అలవాటుకూ కట్టుబాటుకూ మధ్య

ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమీల్ దుర్‌ఖైమ్ 1895లో ఒక మౌలికమైన మాట చెప్పాడు. మనిషి పుట్టకముందే ఉండి, అతని బయటే ఉండి, అతని మీద ఒత్తిడి తెచ్చే పద్ధతులు కొన్ని ఉంటాయి. వాటిని ఒక్కొక్కరి మనస్తత్వంతో వివరించలేం. వాటిని వస్తువుల్లాగే పరిశీలించాలి. ఆ ఒత్తిడి మామూలుగా కనిపించదు, ఎదిరించినప్పుడే తెలుస్తుంది. అమెరికాలో విలియం గ్రాహం సమ్నర్ 1906లో ఇంకో తేడా చూపాడు. కొన్ని పద్ధతులు తప్పితే జనం నవ్వుతారు లేదా వింతగా చూస్తారు. కొన్ని తప్పితే అది నీతి తప్పినట్టే లెక్క, వెలివేస్తారు. పెళ్లికి జీన్సు వేసుకుని వెళ్లడం మొదటి రకం. కులం దాటి పెళ్లి చేసుకోవడం నేటికీ చాలా కుటుంబాల్లో రెండో రకం.

ఇటీవలి కాలంలో తత్వవేత్త క్రిస్టీనా బికియేరి చేసిన విభజన విశాఖ రోడ్లను అర్థం చేసుకోవడానికి మరింత పనికొస్తుంది. వానొస్తే గొడుగు వేసుకుంటాం. ఎదుటివారు వేసుకున్నా మానినా మనం వేసుకుంటాం, ఎందుకంటే తడిసేది మనమే. అది అలవాటు. రోడ్డుకు ఎడమవైపున నడుపుతాం, అందరూ ఎడమవైపు నడుపుతారు కనుక. అది సర్దుబాటు. రైతు బజారులో వరుసలో నిలబడటం ఈ రెండింటికీ భిన్నం. వరుస తప్పితే మనకే లాభం, అయినా నిలబడతాం. మిగతావారు నిలబడుతున్నారని కళ్లారా చూస్తున్నాం. మనమూ నిలబడాలని వారు ఆశిస్తున్నారని, తప్పితే మాట అంటారని నమ్ముతున్నాం. ఈ రెండు నమ్మకాలూ కలిసినచోటే కట్టుబాటు పుడుతుంది. రెంటిలో ఏది పడిపోయినా కట్టుబాటు నిలవదు. ఒక్కరు ముందుకు దూరి ఎవరూ ఏమీ అనకపోతే, కాసేపటికి వరుస గుంపుగా మారడం ఎన్నిసార్లు చూడలేదు!

హెల్మెట్‌కు ఇప్పటికీ ఆ రెండో నమ్మకం లేదు. పెట్టుకోని మనిషిని పోలీసు తప్ప ఎవరూ తప్పుపట్టరు. పక్కింటివారు అడగరు, ఆఫీసులో ఎవరూ ముఖం చిట్లించరు. చట్టం ఉంది, అలవాటు కొంత ఉంది, కట్టుబాటు లేదు. అందుకే అది కూడలికి పరిమితమైపోయింది. వెనుక కూర్చునేవారి విషయం ఇంకా కష్టం. భర్త తలకు హెల్మెట్, వెనుక కూర్చున్న భార్య తలకు ఏమీ లేకపోవడం ఏళ్ల తరబడి మామూలు దృశ్యంగా చెల్లిపోయింది. ఎవరి ప్రాణం ఎంత విలువైనదన్న లెక్క ఆ దృశ్యంలో దాగి ఉంది. పోలీసు నిబంధన ఇంకేమీ సాధించకపోయినా, ఆ దృశ్యాన్ని ప్రశ్నించదగినదిగా చేసింది. అది చిన్న విషయం కాదు.

కొత్తగా వచ్చినవారి ఊరు

1930ల మధ్యలో సామాజిక మనస్తత్వవేత్త ముజఫర్ షెరిఫ్ ఒక ప్రయోగం చేశాడు. చీకటి గదిలో కదలకుండా ఉన్న ఒక వెలుగు చుక్కను చూపించి, అది ఎంత దూరం కదిలిందో చెప్పమన్నాడు. చుక్క కదలదు, కంటికి కదిలినట్టు అనిపిస్తుంది. ఒంటరిగా చూసినప్పుడు ఒక్కొక్కరు ఒక్కో అంచనాకు వచ్చారు. కలిసి చూసి పైకి చెప్పినప్పుడు అందరి అంచనాలూ క్రమంగా దగ్గరపడి ఒక చోట స్థిరపడ్డాయి. తర్వాత ఒంటరిగా కూర్చోబెట్టినా ఆ గుంపు అంచనానే చెప్పారు. ఏది సరైనదో తెలియని చోట మనుషులు ఒకరినొకరు చూసి ఒక ప్రమాణం కట్టుకుంటారు, తర్వాత దాన్ని తమ సొంత చూపుగా భావిస్తారు.

విశాఖ చరిత్ర అలాంటి చీకటి గదులతో నిండి ఉంది. 1901లో దాదాపు 41 వేల జనాభా ఉన్న ఊరు ఇది. 1933లో ఓడరేవు తెరుచుకుంది. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. ఎన్నో ప్రాణాలు తీసుకున్న 1966 ఉద్యమం తర్వాత, 1971లో ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి పడింది. 2011 జనగణన నాటికి నగర జనాభా 17 లక్షలు దాటింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, గోదావరి జిల్లాల నుంచి, ఒడిశా నుంచి, నౌకాదళం వల్ల దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. వచ్చిన ప్రతివారూ ఒక ఊరి కట్టుబాట్లు వెంట తెచ్చుకున్నారు. ఇక్కడ ఏది మర్యాదో, ఏది కాదో పక్కవారిని చూసి నేర్చుకున్నారు.

ఉక్కునగరం వంటి టౌన్‌షిప్పుల్లో ఇది బాగా కనిపిస్తుంది. క్వార్టరు ఉద్యోగ హోదాను బట్టి వస్తుంది, కులాన్ని బట్టి రాదు. ఊళ్లో ఎప్పుడూ పక్కపక్కన నివసించని కుటుంబాలు ఒకే గోడకు అటూ ఇటూ చేరాయి. పండగకు పిండివంటలు మార్చుకున్నారు, పిల్లలు ఒకే బడికి వెళ్లారు, మేడ మీద వడియాలు కలిసి పెట్టుకున్నారు. ఇది నిజమైన మార్పు, తక్కువ చేసి చూడరాదు. అయితే ఈ మార్పు ఎక్కడ ఆగింది? పెళ్లి పందిరి గుమ్మం దగ్గర. ఒకే వీధిలో పాతికేళ్లు కలిసి బతికినవారు సంబంధం వెతకవలసి వచ్చినప్పుడు ఎవరి కులంలోకి వారు, ఎవరి జిల్లాలోకి వారు వెళ్లారు. ఆ కర్మాగారం కోసం భూములిచ్చి నిర్వాసితులైన పల్లెల వారి పిల్లలు ఆ క్వార్టర్ల జీవితాన్ని చాలాకాలం బయటి నుంచే చూశారన్నదీ మరిచిపోకూడదు. పక్కపక్కన ఉంచినంత మాత్రాన ఒకరికొకరు తీర్పరులు కాలేరు.

బీచ్ రోడ్డు ఇందుకు వ్యతిరేకమైన ఉదాహరణ. సాయంత్రం రామకృష్ణా బీచ్‌లో గట్టు మీద కూర్చునే వేలమంది ఒకరికొకరు అపరిచితులు. మురీ మిక్చర్ పొట్లం చేతబట్టుకుని అలల వైపు చూస్తూ, పక్కన కూర్చున్న జంటను చూసీ చూడనట్టు ఉంటారు. దీన్ని సమాజశాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్మన్ 1963లో నగర మర్యాదగా వర్ణించాడు. ఎదుటి మనిషి ఉన్నాడని ఒక్క చూపుతో గుర్తించి, వెంటనే చూపు తిప్పుకుని, నీ లోకం నీదని ఒప్పుకోవడం. ఆ మర్యాద వల్లే యువతీయువకులు ఇక్కడ కాసేపు ఊపిరి పీల్చుకోగలుగుతున్నారు. అదే అమ్మాయి స్కూటరు ఎక్కగానే చున్నీతో ముఖం మొత్తం చుట్టుకుంటుంది. ఎండ, దుమ్ము కారణాలే. వాటితోపాటు తెలిసినవారి కంట పడతామన్న భయమూ ఉంటుంది. వేయి మంది అపరిచితుల చూపు ఆమెను ఏమీ చేయదు. ఒక్క మేనమామ చూపు చదువు మాన్పించగలదు. నగరం ఇచ్చే స్వేచ్ఛ ఎంత పలుచనిదో, ఎక్కడ చిరిగిపోతుందో ఆ చున్నీని చూస్తే తెలుస్తుంది.

సముద్రం దగ్గర

కట్టుబాటు బలంగా నిలిచిన చోటు చూడాలంటే జాలరిపేటల వైపు వెళ్లాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ రెండు నెలలూ ఫిషింగ్ హార్బరులో బోట్లు వరుసగా కట్టేసి ఉంటాయి. ఆకలి, అప్పు రెండూ తరిమే కాలంలో ఈ నిబంధన ఇంతగా నిలవడం గమనించవలసిన సంగతి. ప్రభుత్వం ఇచ్చే వేట నిషేధ భృతి ఒక కారణం. అంతకంటే బలమైన కారణం హార్బరు అమరికలోనే ఉంది. ఎవరి బోటు కదిలినా అందరికీ కనిపిస్తుంది. తాను ఆగిన రోజున పక్కవాడు వెళ్లలేదన్న భరోసా ప్రతివారికీ ఉంది. తాను వెళితే నిలదీసేవారున్నారన్న ఎరుకా ఉంది. బికియేరి చెప్పిన రెండు నమ్మకాలూ ఇక్కడ నిండుగా ఉన్నాయి.

ఉమ్మడి వనరుల మీద చేసిన కృషికి 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ఎలినార్ ఆస్ట్రమ్, లోకంలోని ఎన్నో చేపల రేవులు, సాగునీటి కాలువలు, అడవులను పరిశీలించి ఈ సంగతే చెప్పింది. వాడుకునేవారే కాపలా కాసి, తప్పుకు తగిన మేరకు శిక్షలు పెంచుకుంటూ పోయే చోట వనరు మిగులుతుంది. మన తీరంలో కులపెద్దలు కూర్చుని తప్పు విధించడం, జరిమానా కట్టించడం తరతరాలుగా ఉన్నదే.

అయితే ఈ వ్యవస్థ ఎక్కడ తెగుతుందో 2022 జనవరిలో కనిపించింది. రింగు వలల విషయమై పెద జాలరిపేట, వాసవానిపాలెం మత్స్యకారుల మధ్య సముద్రంలోనే గొడవ జరిగింది, పడవలు తగలబడ్డాయి. తీరానికి 8 కిలోమీటర్ల లోపల ఆ వలలు వేయరాదన్నది నిబంధన. ఆ గీత నీళ్లలో కనిపించదు. ఎవరు దాటారో తేల్చే ఉమ్మడి పెద్ద కూడా లేడు. ఒక పేట పెద్దల మాట మరో పేటకు వర్తించదు. ఒకే కడలి, ఒకే గంగమ్మ, ఒకే వృత్తి, కానీ తీర్పరులు వేరు. కట్టుబాటు ఎంత బలమైనదైనా దాన్ని కాపాడే నలుగురి పరిధి దాటి పనిచేయదని ఇంతకంటే స్పష్టంగా చూపే ఘటన మరొకటి దొరకదు.

పేట కట్టుబాట్లను పొగిడేటప్పుడు వాటి రెండో ముఖాన్నీ చెప్పాలి. వలను నియంత్రించే ఆ పెద్దరికమే ఆడపిల్ల ఇష్టాన్నీ నియంత్రిస్తుంది. బోటు ఆపగల మాట కులాంతర వివాహం చేసుకున్న జంట ఇంటికి శుభాశుభాలకు ఎవరూ వెళ్లకుండా కూడా ఆపగలదు. ఇది మత్స్యకారులకే పరిమితం కాదు. ఎం.వి.పి. కాలనీలో అద్దె ఇంటికి వెళ్లినవారిని ‘మీరేమిటోళ్లు?’ అని అడిగే ఇంటివారు నిరక్షరాస్యులు కారు.

ఊరంతా నలుగురయ్యే ఒక్క రాత్రి

ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ జరుగుతుంది. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పూఘర్, వెంకోజీపాలెం, ఇసుకతోట, ఎన్.ఎ.డి., గోపాలపట్నం మీదుగా దాదాపు 32 కిలోమీటర్లు నడిచి మళ్లీ కొండ దగ్గరికి చేరతారు. లక్షలాది మంది రాత్రంతా నడుస్తారు. దారి పొడవునా కాలనీల వారు మంచినీళ్లు, మజ్జిగ, పళ్లు, పులిహోర పెట్టి, తీసుకోమని బతిమాలతారు. మిగతా రోజుల్లో పక్క ఫ్లాటు తలుపు తట్టడానికి మొహమాటపడే మనుషులు ఆ రాత్రి ముక్కూ మొహం తెలియనివారి కాళ్లకు నూనె రాస్తారు. ఆ రాత్రికి నలుగురంటే ఊరంతా.

అదే దారిలో తెల్లారేసరికి ప్లాస్టిక్ గ్లాసులు, విస్తరి దొన్నెలు గుట్టలుగా పడి ఉంటాయి. చెప్పులు వేసుకుని ఆ దారి తొక్కడమే అపచారమని నమ్మే భక్తుడే చేతిలోని గ్లాసును ఆ దారి మీదే వదిలేస్తాడు. ఇందులో వైరుధ్యం కనిపించినా కారణం సులువుగానే దొరుకుతుంది. చెప్పులు లేకుండా నడవాలన్నది చుట్టూ ఉన్నవారంతా పాటిస్తున్నారు, పాటించనివారిని చూస్తారు. గ్లాసు విషయంలో చుట్టూ ఉన్నవి గ్లాసులే. మనస్తత్వవేత్త రాబర్ట్ చియాల్దీని బృందం 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో, చెత్త నిండిన చోట మనుషులు తమ చేతి కాగితాన్ని ఎక్కువగా పడేశారు, శుభ్రంగా ఉన్న చోట తక్కువగా పడేశారు. అన్నిటికంటే తక్కువగా పడేసింది శుభ్రమైన చోట ఒకే ఒక్క చెత్త ముక్క కొట్టొచ్చినట్టు కనిపించినప్పుడు. ఆ ఒక్క ముక్క ఇక్కడ ఎవరూ పడేయరన్న సంగతిని గుర్తుచేసింది.

విశాఖ పాలకులు ఆలోచించవలసిన ఫలితం మరొకటి ఉంది. అమెరికాలోని అరిజోనాలో రాతిగా మారిన పురాతన వృక్షాలున్న ఒక జాతీయ ఉద్యానవనంలో సందర్శకులు కర్ర ముక్కలు పట్టుకుపోతున్నారు. ఎందరో ఇలా తీసుకుపోవడం వల్ల అడవి తరిగిపోతోందని బోర్డు పెడితే దొంగతనం పెరిగింది. దయచేసి తీయకండి అని మాత్రమే చెప్పిన బోర్డు దగ్గర తగ్గింది. మొదటి బోర్డు ఉద్దేశం మంచిదే. అది చెప్పిన సమాచారం మాత్రం అందరూ తీస్తున్నారన్నది. నగరంలో హెల్మెట్ లేనివారు ఇన్ని వేలమంది, బీచ్‌లో చెత్త వేసేవారు ఇన్ని వేలమంది అని ఫ్లెక్సీల మీద లెక్కలు ప్రకటించడం ఆ పొరపాటే. 2022 జూన్ 5న మహా విశాఖ నగరపాలక సంస్థ ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద నిషేధం మొదలుపెట్టింది. అలాంటి నిషేధం బతికేది జరిమానా రసీదుల మీద కాదు. పూర్ణా మార్కెట్‌లో గుడ్డ సంచి పట్టుకొచ్చినవారు ఎక్కువమంది కనిపిస్తే, సంచి లేకుండా వచ్చినవారు కాస్త మొహమాటపడితే, అప్పుడది బతుకుతుంది. అంతవరకు దుకాణదారుడి మీద పడే భారమే మిగులుతుంది.

కట్టుబాటు అప్పటికప్పుడు పుట్టడాన్ని కూడా ఈ నగరం చూసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయిలు లేవు, ఫోన్లు పనిచేయలేదు. జనరేటరు ఉన్న ఇంటి ముందు వీధిలోని ఫోన్లన్నీ చార్జింగుకు చేరాయి. బావి ఉన్న ఇంటి గేటు తెరిచి ఉంచారు. బిందెల వరుసను ఎవరూ చెప్పకుండానే పాటించారు. నీళ్లూ పాలూ ధర పెంచి అమ్మడం ఆ రోజుల్లో మామూలు వ్యాపారంగా కాక పాపంగా కనిపించింది. సమాజశాస్త్రవేత్తలు రాల్ఫ్ టర్నర్, లూయిస్ కిలియన్ 1957లో చెప్పింది ఇదే. పాత నియమాలు పనిచేయని సంక్షోభంలో గుంపు దిక్కుతోచక ఊరుకోదు, ఆ పరిస్థితికి సరిపడే కొత్త నియమాన్ని ఒకరినొకరు చూసి తయారుచేసుకుంటుంది. కరెంటు వచ్చాక ఆ గేట్లు మళ్లీ మూతబడ్డాయి. మూతబడటంలో ఆశ్చర్యం లేదు. ఒకరినొకరు చూసుకోవలసిన అవసరం, చూసుకునే వీలు రెండూ పోయాయి.

పెళ్లి దగ్గర

ఇక ఈ చర్చలో అన్నిటికంటే బరువైన విషయం. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ నాటకం తొలి కూర్పు పీఠికలో గురజాడ అప్పారావు ఒక జాబితా ప్రస్తావిస్తాడు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి తయారు చేయించిన ఆ జాబితాలో విశాఖపట్నం తీర ప్రాంతపు సాధారణ బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో డబ్బు తీసుకుని ఆడపిల్లను ఇచ్చిన పెళ్లిళ్లు 1034. వాటిలో 99 మంది ఆడపిల్లల వయసు ఐదేళ్లు. ముగ్గురి వయసు ఏడాది. ఆ పసికందుల వెల 350 నుంచి 400 రూపాయలు. ఈ అంకెల ముందు ఎవరికైనా నోరు పెగలదు. అయితే ఇక్కడ గమనించవలసింది మరొకటి కూడా ఉంది. ఆ రోజుల్లో ఈ నేల మీద పిల్లనిచ్చేవారే డబ్బు పుచ్చుకునేవారు. కష్టజీవుల కులాల్లో ఓలి పేరుతో వరుడి వైపువారు చెల్లించే ఆచారం ఉత్తరాంధ్ర పల్లెల్లో చాలాకాలం ఉంది.

రెండు మూడు తరాల్లో ఆ డబ్బు నడిచే దిశ పూర్తిగా తిరగబడింది. ఏ చట్టమూ దాన్ని తిప్పలేదు. ఇంగ్లీషు చదువు, దానితో వచ్చే సర్కారు కొలువు కొద్దిమంది మగపిల్లలకే దక్కినప్పుడు ఆ వరుడికి పోటీ పెరిగింది. తర్వాత పోర్టు, షిప్‌యార్డు, స్టీలు ప్లాంటు పర్మినెంటు ఉద్యోగం ఆ పోటీని కిందివరకూ తెచ్చింది. సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లో ప్రతిపాదించిన సంస్కృతీకరణ సూత్రం ఇక్కడ పనిచేసింది. పైనున్నారని భావించే కులాల పద్ధతిని కింది కులాలు గౌరవం కోసం అనుసరించాయి. పొలం పనికి వెళ్లే ఆడమనిషికి ఓలి ఉండేది, ఇంటిపట్టున ఉండే అమ్మాయికి కట్నం వచ్చింది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చేనాటికి ఆచారం స్థిరపడిపోయింది. భారత శిక్షాస్మృతిలో 1983లో భార్యను వేధించడం మీద 498ఎ, 1986లో వరకట్న మరణాల మీద 304బి సెక్షన్లు చేర్చినా లావాదేవీ పేర్లు మారాయే తప్ప ఆగలేదు. లాంఛనాలు, అమ్మాయి పేరున ఫ్లాటు, పసుపు కుంకుమల కింద పొలం.

ఒక్కొక్కరిని విడిగా అడగండి. కట్నం మంచిదని చెప్పేవారు అరుదు. తమకు ఇష్టం లేదని, చుట్టాల్లో పరువు కోసం తప్పడం లేదని చెప్పేవారే ఎక్కువ. 1931లో మనస్తత్వవేత్తలు డేనియల్ కాట్జ్, ఫ్లాయిడ్ ఆల్‌పోర్ట్ పేరు పెట్టిన స్థితి ఇది. లోపల ఎవరికీ పూర్తి సమ్మతి లేదు, మిగతా అందరికీ సమ్మతేనని మాత్రం ప్రతివారూ అనుకుంటారు. ఆ అపోహే ఆచారాన్ని మోస్తుంది. ఇది మొత్తం నిజం కాదని కూడా ఒప్పుకోవాలి. పుచ్చుకునేవారికి అందులో లాభముంది, ఆ లాభం వదులుకోవడానికి సిద్ధంగా లేనివారు ఇష్టం లేదన్న మాట వెనుక దాక్కుంటారు. కానీ నిజంగా వద్దనుకునే కుటుంబం కూడా ఎందుకు ఓడిపోతోందన్నది పట్టించుకోవలసిన ప్రశ్న. కూతురికి కట్నం ఇవ్వనన్న తండ్రికి మంచి సంబంధం చేజారుతుంది. కొడుక్కు కట్నం అడగని తల్లిదండ్రులను చూసి ‘అబ్బాయిలో ఏదో లోపముందేమో’ అంటారు. ఒంటరిగా మంచితనం చూపినవారు నష్టపోయే అమరిక అది.

అలాంటి అమరిక విరిగిన ఉదాహరణ చరిత్రలో ఉంది. చైనాలో ఆడపిల్లల పాదాలు బిగించి కట్టే ఆచారం శతాబ్దాల పాటు నిలిచి, ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఒక్క తరంలోనే చాలా చోట్ల కూలిపోయింది. దాన్ని పరిశీలించిన రాజనీతి శాస్త్రవేత్త గెర్రీ మాకీ 1996లో చెప్పిన కారణం సూటిగా ఉంటుంది. తల్లిదండ్రులు సంఘాలుగా ఏర్పడి రెండు ప్రమాణాలు కలిపి చేశారు. మా కూతురి పాదాలు కట్టం, పాదాలు కట్టిన అమ్మాయిని మా కొడుక్కు చేసుకోం. రెండో ప్రమాణమే కీలకం. పాదాలు కట్టని అమ్మాయికి పెళ్లి కాదన్న భయాన్ని అది తొలగించింది, ఎందుకంటే ఆ సంఘంలోనే ఆమెను చేసుకునే కుటుంబాలు ఉన్నాయి.

విశాఖలో కట్నం మీద ప్రసంగాలు కళాశాలల సెమినారు హాళ్లలో జరుగుతాయి, వ్యాసరచన పోటీలు జరుగుతాయి, బీచ్ రోడ్డు మీద ర్యాలీలు నడుస్తాయి. ఆ ర్యాలీలో పక్కన నడిచేవారు ఆ విద్యార్థి పెళ్లిని నిర్ణయించే నలుగురు కారు. ఆ నలుగురు కలిసే చోటు వేరే ఉంది. కార్తీక మాసంలో ముడసర్లోవ తోటల్లో, భీమిలి దారిలోని కొబ్బరి తోపుల్లో కులాలవారీగా వనభోజనాలు జరుగుతాయి. ఉసిరి చెట్టు కింద విస్తళ్ల దగ్గర వధూవరుల వివరాలు చేతులు మారతాయి. అబ్బాయి ప్యాకేజీ ఎంతో, అమ్మాయి తరఫున ఏమిస్తారో అక్కడే తెలుస్తుంది. కులం గీతను ఏటా కొత్తగా దిద్దే ఆ పంక్తి మీద ఈ వ్యాసానికి మోజు లేదు. కులం దాటిన పెళ్లిళ్లు పెరిగితే ఆ పందిరి పట్టు దానంతట అదే సడలుతుంది, అది జరగాలి కూడా. అయితే అంతవరకు కట్నం ధర నిర్ణయమయ్యేది ఆ పందిరి కిందే కనుక, మాట్లాడవలసింది కూడా అక్కడే. ఒక కుటుంబం లేచి మేము తీసుకోం అంటే అది ఆ కుటుంబం గొప్పతనంగా మిగిలిపోతుంది. పెళ్లీడు కొడుకులూ కూతుళ్లూ ఉన్న పదిహేను ఇరవై కుటుంబాలు ఒకేసారి ఇవ్వం, పుచ్చుకోం, పుచ్చుకునే ఇంటికి పిల్లనివ్వం అని అందరి ముందూ చెబితే మాత్రం మిగతావారు లెక్క మార్చుకోవలసి వస్తుంది. ఎందుకంటే కట్నం లేకుండా కూతురికి సంబంధం దొరికే ఇళ్లు ఏవో ఆ రోజు నుంచి పేర్లతో సహా వారికి తెలుసు.